బెర్రీ దశ - ఘనపదార్థాలలో స్పిన్ రవాణా: ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

బయటి అయస్కాంత క్షేత్రం లేని ఘనపదార్థంలో విద్యుత్ ప్రవాహానికి అడ్డంగా స్పిన్ ప్రవాహం ఎందుకు పుడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. స్ఫటికంలోని ఎలక్ట్రాన్ స్థితుల జ్యామితి, అంటే బెర్రీ దశ, ఎలక్ట్రానుకు ఒక అదనపు అడ్డు వేగాన్ని ఇస్తుంది. ఆ వేగం నుండి స్పిన్ ప్రవాహాన్ని రాబట్టే వాదన ఎక్కడ కచ్చితంగా నిలుస్తుందో, ఎక్కడ పోలికగా మాత్రమే మిగులుతుందో పరిశీలించడం వ్యాసోద్దేశం. పంచరత్నం ధ్రువిత కాంతిపై చేసిన కృషి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సూరి భగవంతం, టి. వెంకటరాయుడు రూపొందించిన సమూహ సిద్ధాంత పద్ధతి ఈ చర్చలో భాగమవుతాయి.

కీలక పదాలు: బెర్రీ దశ, బెర్రీ వక్రత, స్పిన్ హాల్ ఫలితం, స్పిన్-కక్ష్యా యుగ్మనం, సౌష్ఠవం, పంచరత్నం, భగవంతం

1. ఉపోద్ఘాతం

ఒక పలుచని ప్లాటినం రేకులో నిడివి దిశగా విద్యుత్ ప్రవాహాన్ని పంపితే, దగ్గరలో అయస్కాంతం ఏదీ లేకపోయినా, రేకు ఒక అంచున ఒక దిశలో స్పిన్ గల ఎలక్ట్రానులు, ఎదుటి అంచున వ్యతిరేక స్పిన్ గల ఎలక్ట్రానులు పోగుపడతాయి. రెండు అంచుల నడుమ వోల్టేజి మాత్రం కనిపించదు. ఆవేశం అడ్డంగా ప్రవహించలేదు, స్పిన్ ప్రవహించింది. దీనిని 1971లో ద్యకొనొవ్, పెరెల్ ఊహించారు. 1999లో హిర్ష్ దీనికి 'స్పిన్ హాల్ ఫలితం' అనే పేరు పెట్టాడు.

తరగతి గదిలో ఈ ఫలితాన్ని సాధారణంగా 1879 నాటి హాల్ ఫలితానికి పొడిగింపుగా చెబుతారు. అక్కడ లోరెంజ్ బలం ఎలక్ట్రాన్‌ను పక్కకు నెడుతుంది, ఇక్కడ స్పిన్-కక్ష్యా యుగ్మనం నెడుతుంది అన్నది ఆ బోధన సారం. ఈ మాట పూర్తిగా తప్పు కాదు. అయితే అది ప్రశ్నకు సమాధానం కూడా కాదు. నెట్టేది ఏది? స్ఫటికంలోని మాలిన్య పరమాణువులా, లేక ఏ లోపమూ లేని జాలకమేనా? లోపం లేని జాలకమే అయితే, పరిపూర్ణ ఆవర్తనంలో అంతటా ఒకే తీరుగా విస్తరించిన తరంగాన్ని పక్కకు తిప్పేది ఏ బలం?

ఈ ప్రశ్న ముందుగా ఇనుము విషయంలో తలెత్తింది. ఫెర్రో అయస్కాంత లోహాలలో హాల్ ఫలితం అసాధారణంగా పెద్దదని హాల్ 1881 నాటికే గమనించాడు. 1954లో కార్ప్లస్, లటింజర్ దానికి జాలకంలోని పట్టీ నిర్మాణమే కారణమని వాదించారు. మాలిన్యాల మీద జరిగే అసౌష్ఠవ పరిక్షేపణమే కారణమని స్మిట్ దానిని ఖండించాడు. 1970లో బెర్జర్, మాలిన్యాన్ని తాకినప్పుడు తరంగం పక్కకు జరుగుతుందనే మరో మార్గాన్ని ప్రతిపాదించాడు. కార్ప్లస్-లటింజర్ ఫలితం దశాబ్దాల పాటు అనుమానంలోనే ఉండిపోయింది. వారి గణనలో పెద్ద లోపం ఉండటం దీనికి కారణం కాదు. ఆ గణనలో కనిపించిన రాశికి పేరుగానీ అర్థంగానీ అప్పటికి లేకపోవడం వల్లనే అది నమ్మదగినదిగా తోచలేదు. ఆ రాశినే నేడు బెర్రీ వక్రత అంటున్నారు.

2. బలమా, జ్యామితా: మలికిపురంలో ఒక లోలకం

జ్యామితి ఒక్కటే దిశను మార్చగలదనడానికి క్వాంటం సిద్ధాంతం అవసరం లేదు. కోనసీమలో వసిష్ఠ, వైనతేయ పాయల నడుమనున్న మలికిపురం సుమారు 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడి కళాశాల భవనంలో ఎత్తైన కప్పు నుండి ఫూకో లోలకాన్ని వేలాడదీస్తే, దాని ఊగే తలం గంటకు సుమారు 4.2 డిగ్రీల చొప్పున సవ్యదిశలో తిరుగుతుంది. భూమి ఒకసారి తన చుట్టూ తాను తిరిగేసరికి ఆ తలం 360 డిగ్రీలను అక్షాంశపు సైన్ విలువతో గుణించినంత, అంటే సుమారు 102 డిగ్రీలు తిరిగి ఉంటుంది. పూర్తి ఆవృత్తానికి దాదాపు 85 గంటలు పడుతుంది. ఒక రోజు గడిచేసరికి మలికిపురం అంతరిక్షంలో బయలుదేరిన దిశకే తిరిగి వస్తుంది గానీ, లోలకం తన మొదటి తలానికి రాదు.

నేలమీద నిలబడి చూసేవారు దీనిని కొరియాలిస్ బలంతో వివరిస్తారు. భూగోళాన్ని బయటి నుండి చూసేవారికి ఆ బలం అక్కరలేదు. మలికిపురం అక్షాంశ రేఖ వెంట లోలకం తలం ఎక్కడికక్కడ మెలిక లేకుండా, సమాంతరంగా స్థానాంతరం చెందుతుంది. ఉపరితలం వక్రంగా ఉన్నందువల్ల, చుట్టు పూర్తయ్యేసరికి మొదటి దిశకూ చివరి దిశకూ తేడా మిగులుతుంది. ఆ తేడా, ఆ అక్షాంశ రేఖకు ఉత్తరాన ఉన్న భూభాగం భూకేంద్రం వద్ద చేసే ఘనకోణానికి సమానం. మలికిపురం విషయంలో అది సుమారు 4.51 స్టెరేడియన్లు, కోణంగా చెబితే 258 డిగ్రీలు. సవ్యదిశలో 102, అపసవ్య దిశలో 258 డిగ్రీలు ఒకే అంతిమ దిశను సూచిస్తాయి. లోలకం పొడవు, గుండు బరువు, భూమి తిరిగే వేగం ఈ సంఖ్యలోకి రావు. నడిచిన దారి ఆకృతి ఒక్కటే వస్తుంది.

ఒకే సంఘటనకు బల భాషలో ఒక వర్ణన, జ్యామితి భాషలో మరొక వర్ణన ఉన్నాయన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. స్పిన్ హాల్ ఫలితం మీద జరిగిన వాదోపవాదాలలో సగం ఈ రెండు భాషలను కలగలపడం వల్ల వచ్చినవే.

3. పంచరత్నం నుండి బెర్రీ వరకు

దిశ స్థానంలో క్వాంటం స్థితిని, అక్షాంశ రేఖ స్థానంలో వ్యవస్థను నియంత్రించే పరామితుల సంవృత మార్గాన్ని ఉంచితే బెర్రీ దశ వస్తుంది. 1984లో మైకేల్ బెర్రీ నిరూపించినది ఇదే. పరామితులను నెమ్మదిగా మార్చి మొదటి విలువలకు తెచ్చినప్పుడు, ఐగెన్ స్థితి తనలోకే తిరిగి వస్తుంది. అయితే దాని తరంగ ప్రమేయానికి శక్తి, కాలం వల్ల కలిగే దశతో పాటు మార్గం ఆకృతి మీద మాత్రమే ఆధారపడే మరొక దశ తోడవుతుంది. స్పిన్ సగంగా గల కణాన్ని దిశ మారే అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, ఆ దశ క్షేత్ర దిశ గోళంపై గీసిన ఘనకోణంలో సగం. మార్గాన్ని చిన్న చిన్న వలయాలుగా విభజించి, ఒక్కొక్క వలయపు దశను దాని వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే బెర్రీ వక్రత. రెండు స్థితుల శక్తులు సమీపించే చోట ఈ వక్రత బాగా పెరుగుతుంది. అవి సమానమయ్యే బిందువు ఆ వక్రతకు మూలంగా, ఒంటరి అయస్కాంత ధ్రువం వలె ప్రవర్తిస్తుంది.

ఈ జ్యామితిని కాంతి విషయంలో దాదాపు మూడు దశాబ్దాల ముందే గుర్తించిన వ్యక్తి శివరామకృష్ణ పంచరత్నం. సి. వి. రామన్ సోదరి కుమారుడైన ఆయన బెంగుళూరులో రామన్ వద్ద పనిచేస్తూ, ధ్రువిత కాంతి వ్యతికరణంపై 1956లో భారతీయ విజ్ఞాన అకాడమీ ప్రొసీడింగ్స్‌లో వ్యాసం ప్రకటించాడు. ఒక కాంతిపుంజం ధ్రువణాన్ని మూడు స్థితుల గుండా తిప్పి మొదటి స్థితికి తెస్తే, పాయింకరే గోళంపై ఆ మూడు బిందువులు ఏర్పరిచే త్రిభుజపు ఘనకోణంలో సగం మేరకు దశ మారుతుందని చూపాడు. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరాలు. 1986లో ఎస్. రామశేషన్, రాజారామ్ నిత్యానంద ఈ సంబంధాన్ని ఎత్తిచూపగా, మరుసటి సంవత్సరం బెర్రీ స్వయంగా పంచరత్నం ఫలితాన్ని తన సిద్ధాంత భాషలో వివరిస్తూ వ్యాసం రాశాడు. 1987లోనే హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్. చతుర్వేది, వి. శ్రీనివాసన్, ఎం. ఎస్. శ్రీరామ్‌తో కలిసి సంబద్ధ స్థితుల బెర్రీ దశను గణించారు.

కాంతి ధ్రువణం, ఎలక్ట్రాన్ స్పిన్ ఒకే గణితంలో ఇమడటం కాకతాళీయం కాదు. వర్తుల ధ్రువణం ఫోటాన్ స్పిన్‌కు మరో పేరు. కాంతి పరిక్షేపణ ప్రయోగాలతో ఫోటాన్‌కు స్పిన్ ఉన్నదని 1930ల ఆరంభంలో వాదించిన ఇద్దరిలో ఒకరు రామన్, రెండవవారు కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం. ఆయన ప్రస్తావన స్ఫటిక సౌష్ఠవాన్ని చర్చించే చోట మళ్ళీ వస్తుంది.

4. స్ఫటికంలో ఎలక్ట్రాన్‌కు లభించే అదనపు వేగం

స్ఫటికంలోని ఎలక్ట్రాన్ స్థితిని బ్లాక్ సిద్ధాంతం రెండు అంశాల లబ్ధంగా చూపుతుంది: ఒకటి స్వేచ్ఛా తరంగం, రెండవది జాలకంతో పాటు పునరావృతమయ్యే ప్రమేయం. ఈ రెండవ భాగం, స్ఫటిక ద్రవ్యవేగం మారితే తానూ మారుతుంది. బెర్రీ చెప్పిన పరామితి ఘనపదార్థంలో ఈ స్ఫటిక ద్రవ్యవేగమే. దానిని మార్చడానికి ప్రయోగశాలలో ఎవరూ ప్రత్యేకంగా శ్రమించనవసరం లేదు. విద్యుత్ క్షేత్రాన్ని ప్రయోగిస్తే చాలు, ద్రవ్యవేగం దానంతట అదే బ్రిలియోన్ మండలంలో జరుగుతుంది.

ఆ చలనంలో ఎలక్ట్రాన్ తన పట్టీలోనే ఉండిపోయినట్లు కనిపిస్తుంది గానీ, దాని స్థితిలోకి పొరుగు పట్టీల అంశం స్వల్పంగా కలుస్తుంది. ఆ మిశ్రమం క్షేత్రానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఇలా మిశ్రమమైన స్థితికి వేగాన్ని లెక్కిస్తే, పట్టీ వాలు ఇచ్చే సాధారణ సమూహ వేగానికి తోడు మరొక పదం వస్తుంది. అది విద్యుత్ క్షేత్రం, బెర్రీ వక్రతల సదిశా లబ్ధానికి అనుపాతం, కాబట్టి ఎల్లప్పుడూ క్షేత్రానికి లంబంగా ఉంటుంది. కార్ప్లస్, లటింజర్ 1954లో కనుగొన్న పదం ఇదే. 1990లలో చాంగ్, న్యూ, ఆపై 1999లో గణేష్ సుందరం, న్యూ, తరంగ సముదాయాల చలన సమీకరణాలుగా దీనిని స్పష్టమైన రూపంలో రాశారు. ఆ సమీకరణాల జంటలో ఒక చక్కని అనురూపత ఉంది. సాధారణ ప్రదేశంలో అయస్కాంత క్షేత్రం వేగంతో కలిసి ద్రవ్యవేగ మార్పును నిర్ణయించినట్లే, ద్రవ్యవేగ ప్రదేశంలో బెర్రీ వక్రత ద్రవ్యవేగ మార్పుతో కలిసి వేగాన్ని నిర్ణయిస్తుంది. 'నెట్టేది ఏది' అన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడ దొరుకుతుంది. అడ్డంగా నెట్టే బలం ఏదీ లేదు. ముందుకు లాగే బలం వల్ల స్థితి మారుతున్నది. ఆ మార్పుకున్న జ్యామితి అడ్డు వేగంగా కనిపిస్తున్నది.

ఈ పదం నుండి రెండు ముఖ్య పర్యవసానాలు కలుగుతాయి. మొదటిది, నిండిన స్థితులన్నింటిపై వక్రతను సంకలనం చేస్తే వచ్చే హాల్ వాహకత్వంలో పరిక్షేపణ కాలం ఉండదు. అందుకే దానిని అంతర్గత వాహకత్వం అంటారు. రెండవది, ఒక పట్టీ పూర్తిగా నిండినప్పుడు ఆ సంకలనం పూర్ణాంకమే అవుతుంది. 1982లో థౌలెస్, కోమోటో, నైటింగేల్, డెన్ నైస్ క్వాంటం హాల్ ఫలితాన్ని వివరించింది ఈ పూర్ణాంకంతోనే. అది ఒక బెర్రీ వక్రత సంకలనమని మరుసటి సంవత్సరం బారీ సైమన్ చూపాడు.

ఇనుముకు ఈ సూత్రాన్ని యథాతథంగా వర్తింపజేసి 2004లో యావ్ బృందం గణించిన విలువ ఓమ్-సెంటీమీటరుకు 751. ప్రయోగ విలువ సుమారు 1000. యాభై ఏళ్ళు పక్కన పెట్టబడిన ఒక పదం, సవరణ పరామితి ఏదీ లేకుండా, కొలిచిన విలువలో మూడు వంతుల పైచిలుకు ఇవ్వడం ఆ వివాదంలో నిర్ణాయకమైన మలుపు. ఆ గణనలో బయటపడిన మరొక విషయం కూడా విలువైనదే. వక్రత బ్రిలియోన్ మండలం అంతటా సమంగా పరచుకొని ఉండదు. స్పిన్-కక్ష్యా యుగ్మనం రెండు పట్టీలను కొద్దిగా విడదీసిన చోట్ల, ఫెర్మీ ఉపరితలానికి సమీపంలో, సన్నని శిఖరాలుగా పొడుచుకు వస్తుంది.

5. ఆవేశం రద్దయి స్పిన్ మిగిలే తీరు

ఇనుములో అయస్కాంతీకరణం ఉంది, ప్లాటినంలో లేదు. కాల విపర్యయ సౌష్ఠవం ఉన్నచోట ఒక ద్రవ్యవేగం వద్ద వక్రత, దాని వ్యతిరేక ద్రవ్యవేగం వద్ద వక్రతకు సమానమై గుర్తు మారుతుంది. మొత్తం కూడితే శూన్యం. అందుచేత అయస్కాంతేతర లోహంలో, బయటి క్షేత్రం లేనప్పుడు, ఆవేశానికి రేఖీయ హాల్ ప్రవాహం ఉండదు. దానికి తోడు స్ఫటికంలో సౌష్ఠవ కేంద్రం కూడా ఉంటే, ప్రతి ద్రవ్యవేగం వద్దా రెండు స్థితులు ఒకే శక్తితో ఉంటాయి. స్థూలంగా వాటిని ఊర్ధ్వ స్పిన్, అధో స్పిన్ స్థితులనవచ్చు. ఇప్పుడు వక్రత ఒక సంఖ్య కాక రెండు వరుసల మాత్రిక అవుతుంది. ఆ మాత్రిక కర్ణ మూలకాల మొత్తం శూన్యం కనుక, ఊర్ధ్వ స్పిన్‌కు ఎంత అడ్డు వేగమో అధో స్పిన్‌కు అంతే వేగం వ్యతిరేక దిశలో ఉంటుంది.

ఆవేశాన్ని కూడితే ఈ రెండూ రద్దవుతాయి. స్పిన్‌ను కూడేటప్పుడు అధో స్పిన్‌కు రుణ గుర్తు వస్తుంది. వేగానికీ రుణ గుర్తు ఉంది. రెండు రుణ గుర్తుల లబ్ధం ధనం. కాబట్టి స్పిన్ ప్రవాహం రద్దు కాకపోగా రెట్టింపవుతుంది. బెర్రీ దశ స్పిన్ రవాణాగా మారే ఘట్టం ఇంతకు మించి సంక్లిష్టమైనది కాదు.

స్పిన్ ఒక అక్షం వెంట నిత్యత్వం గల రాశి అయినప్పుడు ఈ వాదన అక్షరాలా కచ్చితం. పాదరస టెల్లూరైడ్ క్వాంటం బావులు దీనికి దగ్గరి ఉదాహరణ. కేన్, మెలె 2005లో గ్రాఫీన్ నమూనాపై, బెర్నెవిగ్, హ్యూస్, జాంగ్ 2006లో ఈ బావులపై చేసిన సూచనల ప్రకారం ఊర్ధ్వ స్పిన్ పట్టీకి ఒక పూర్ణాంకం, అధో స్పిన్ పట్టీకి దాని వ్యతిరేక పూర్ణాంకం లభిస్తాయి. బావి మందం సుమారు 6.3 నానోమీటర్లను దాటితే పట్టీల క్రమం తలకిందులై, అంచుల వెంట వ్యతిరేక స్పిన్‌లు ఎదురెదురుగా నడిచే దారులు ఏర్పడతాయి. 2007లో మోలెన్‌కాంప్ ప్రయోగశాలలో కోనిగ్ బృందం ఆ అంచు వాహకత్వాన్ని కొలిచింది.

6. వాల్తేరు పద్ధతి: ఏది సాధ్యమో ముందే చెప్పే సౌష్ఠవ గణన

వక్రత ఎంత అన్నది కంప్యూటర్ గణనకు సంబంధించిన ప్రశ్న. అసలు ఉండవచ్చునా, ఏ దిశలలో ఉండవచ్చును అన్నది సౌష్ఠవానికి సంబంధించిన ప్రశ్న, దానికి కలం, కాగితం చాలు. తెలుగునాట ఈ రెండవ ప్రశ్నకు గట్టి సంప్రదాయం ఉంది. సూరి భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి రాసిన సమూహ సిద్ధాంత గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో వాల్తేరు నుండి ప్రచురించింది. స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలపై భగవంతం రాసిన మరొక గ్రంథం 1966లో అకడమిక్ ప్రెస్ ద్వారా వెలువడింది. ఒక భౌతిక ధర్మాన్ని వర్ణించే టెన్సర్‌కు ఒక స్ఫటిక వర్గంలో ఎన్ని స్వతంత్ర మూలకాలుంటాయో లక్షణ సంఖ్యలతో లెక్కించడం ఆ గ్రంథాల ప్రధాన పద్ధతి. అవి వెలువడిన కాలంలో స్పిన్ హాల్ ఫలితం అన్న మాటే లేదు. అయినా ఆ పద్ధతి దానికి ఏ మార్పూ లేకుండా సరిపోతుంది.

ప్లాటినంను తీసుకుంటే, స్పిన్ వాహకత్వానికి మూడు సూచికలుంటాయి: విద్యుత్ క్షేత్ర దిశ, ప్రవాహ దిశ, స్పిన్ దిశ. మొత్తం 27 మూలకాలు. మొదటి రెండూ ధ్రువ సదిశలు, మూడవది అక్షీయ సదిశ. ధ్రువ సదిశలు రెండు ఉన్నందున విలోమంలో వాటి గుర్తులు రద్దవుతాయి, కాబట్టి భ్రమణాలను మాత్రమే లెక్కిస్తే చాలు. ఒక భ్రమణానికి ఒక సదిశ లక్షణ సంఖ్య, ఒకటికి ఆ కోణపు కొసైన్ రెట్టింపును కలిపినది. ఈ టెన్సర్‌కు దాని ఘనం కావాలి. ఘన సౌష్ఠవంలోని 24 భ్రమణాలలో తత్సమానికి 27, మూడవ వంతు భ్రమణాలు ఎనిమిదింటికి సున్న, ఘనం అక్షాల చుట్టూ అర్ధ భ్రమణాలు మూడింటికి ఒక్కొక్కటి -1, పావు భ్రమణాలు ఆరింటికి ఒక్కొక్కటి 1, అంచుల మధ్యబిందువుల గుండా పోయే అక్షాల చుట్టూ అర్ధ భ్రమణాలు ఆరింటికి ఒక్కొక్కటి -1. మొత్తం 24. దానిని 24తో భాగిస్తే 1.

అంటే 27 మూలకాలలో స్వతంత్రమైనది ఒక్కటే. క్షేత్రం, ప్రవాహం, స్పిన్ మూడూ పరస్పరం లంబంగా ఉన్న ఆరు మూలకాలు మాత్రమే శూన్యేతరాలు, వాటి పరిమాణం ఒకటే, గుర్తు మాత్రం క్రమాన్ని బట్టి మారుతుంది. ప్లాటినం ప్రయోగాలన్నింటిలోనూ స్పిన్ దిశ మిగిలిన రెండింటికీ లంబంగా ఉంటుందని చెప్పే మాట ఉజ్జాయింపు కాదు, సౌష్ఠవ పర్యవసానం. స్నాతకోత్తర తరగతిలో పది నిమిషాలలో చేయించదగిన ఈ గణనకు స్పిన్‌ట్రానిక్స్ పాఠ్యాంశాలలో అంతగా చోటు లేకపోవడం చింతించదగిన విషయం.

అయస్కాంత స్ఫటికాలలో కాల విపర్యయాన్ని కూడా చేర్చి ఇదే లెక్క వేయాలి. మాంగనీసు-తగరం సమ్మేళనం ఒకటి, ఒక్కొక్క తగరం పరమాణువుకు మూడేసి మాంగనీసు పరమాణువులు గలది, నికర అయస్కాంతీకరణం దాదాపు లేకుండానే గది ఉష్ణోగ్రత వద్ద పెద్ద హాల్ ఫలితాన్ని చూపుతుందని 2015లో నకత్సుజి బృందం కనుగొన్నది. అయస్కాంతీకరణమే అసాధారణ హాల్ ఫలితానికి కారణమని నేర్చుకున్నవారికి అది వింత. అయస్కాంత బిందు సమూహాన్ని చూసినవారికి, ఆ టెన్సర్ మూలకం శూన్యం కావలసిన నిర్బంధం ఏదీ కనిపించదు.

7. వక్రత ఉన్నా ప్రవాహం లేని సందర్భం

సౌష్ఠవం అనుమతించినంత మాత్రాన ఫలితం ఉండి తీరాలని లేదు. 2003లో మురకామి, నగవోసా, జాంగ్ రంధ్ర వాహక గాలియం ఆర్సెనైడ్‌లోనూ, 2004లో సినోవా బృందం రష్బా యుగ్మనం గల ద్విమితీయ ఎలక్ట్రాన్ వాయువులోనూ అంతర్గత స్పిన్ హాల్ ఫలితాన్ని ప్రతిపాదించారు. రెండవదానికి వచ్చిన విలువ పదార్థంతో నిమిత్తం లేని సార్వత్రిక స్థిరాంకం కావడం ఎంతో ఆకర్షించింది. అదే సంవత్సరం ఇనోవే, బావర్, మోలెన్‌కాంప్, అతి తక్కువ మాలిన్యాలున్నా సరే, వాటి సవరణను చేరిస్తే ఆ విలువ పూర్తిగా రద్దవుతుందని చూపారు.

దీనికి గల కారణాన్ని 2005లో దిమిత్రోవా ఎంతో సులువుగా చెప్పింది. రష్బా నమూనాలో స్పిన్ ఒక అంశం కాలంతో మారే రేటు, స్పిన్ ప్రవాహానికి నేరుగా అనుపాతం. స్థిరస్థితిలో సగటు స్పిన్ మారదు. కాబట్టి స్పిన్ ప్రవాహం శూన్యం కావలసిందే. వక్రత అక్కడే ఉన్నది, గణనలో తప్పు లేదు, అయినా ప్రవాహం లేదు. బెర్రీ వక్రత సూత్రాన్ని మాలిన్యాల సవరణ చూడకుండా వాడేవారికి ఈ ఉదాహరణ ఒక హెచ్చరిక. ప్రయోగాలలోనూ ఇదే సందిగ్ధత కనిపించింది. 2004లో కాటో, మయర్స్, గొస్సార్డ్, ఆష్‌లోమ్ గాలియం ఆర్సెనైడ్ రేకుల అంచుల వద్ద పోగుపడిన స్పిన్‌ను కెర్ భ్రమణంతో మొదటిసారి ప్రత్యక్షంగా చూశారు. అది ప్రధానంగా మాలిన్యాల వల్లనే కలిగిందని తరువాతి విశ్లేషణ. దాదాపు అదే సమయంలో వుండర్లిచ్ బృందం రంధ్ర వాహక పొరలో చూసినది మాత్రం అంతర్గత వివరణకు దగ్గరగా ఉంది.

8. స్పిన్ ప్రవాహం అన్న మాటకు అర్థం

ఇంతకంటే లోతైన చిక్కు ఒకటి ఉంది. విద్యుదావేశానికి నిత్యత్వ నియమం ఉంది గనుక దాని ప్రవాహానికి నిర్వచనం ఒక్కటే. స్పిన్-కక్ష్యా యుగ్మనం ఉన్నచోట స్పిన్‌కు అటువంటి నియమం లేదు. స్పిన్ కక్ష్యా చలనంలోకి, జాలకంలోకి జారిపోతుంది. సాధారణంగా వాడే నిర్వచనం, వేగం, స్పిన్‌ల లబ్ధానికి సగటు. ఆ నిర్వచనం ప్రకారం సౌష్ఠవ కేంద్రం లేని పదార్థంలో, విద్యుత్ క్షేత్రం లేకుండా, ఉష్ణ సమతాస్థితిలోనే స్పిన్ ప్రవాహం శూన్యం కాదని 2003లో రష్బా చూపాడు. దేనినీ ఎక్కడికీ చేరవేయని ప్రవాహాన్ని రవాణా అనడం ఎలా? 2006లో షి, జాంగ్, షియావ్, న్యూ, స్పిన్ మీద పనిచేసే టార్క్‌ను కూడా లెక్కలోకి తీసుకొని, నిత్యత్వ సమీకరణాన్ని పాటించే మరొక నిర్వచనాన్ని ఇచ్చారు. రెండు నిర్వచనాలు కొన్ని నమూనాలలో గుర్తుతో సహా భిన్నమైన విలువలనిస్తాయి.

పరిశోధన పత్రాలలో నేడు తరచుగా కనిపించే 'స్పిన్ బెర్రీ వక్రత' అనే పదబంధాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. సాధారణ వక్రత సూత్రంలో వేగం ఉన్న రెండు చోట్లలో ఒకచోట స్పిన్ ప్రవాహ కారకాన్ని ఉంచితే ఆ రాశి వస్తుంది. అది రేఖీయ ప్రతిస్పందన సిద్ధాంతం ప్రకారం సరైన రాశే. కానీ స్పిన్ నిత్యత్వం లేనప్పుడు అది ఏ సంవృత మార్గానికీ చెందిన దశ కాదు, దాని సంకలనం పూర్ణాంకం కావలసిన అవసరం లేదు. పేరులో బెర్రీ ఉన్నంత మాత్రాన జ్యామితీయ రక్షణ వెంట రాదు. ఇనుములోని హాల్ ఫలితానికి బెర్రీ వక్రత ఎంత సహజమైన పేరో, ప్లాటినంలోని స్పిన్ వాహకత్వానికి అది అంత ఔపచారికమైన పేరు.

9. ప్లాటినం, టాంటలం, టైటానియం

ఈ పరిమితులన్నీ ఉన్నప్పటికీ, భార లోహాలలో అంతర్గత వివరణ బలంగానే నిలిచింది. గువో, మురకామి, చెన్, నగవోసా 2008లో ప్లాటినంకు గణించిన స్పిన్ హాల్ వాహకత్వం, స్పిన్ ప్రమాణాలలో, అల్ప ఉష్ణోగ్రత వద్ద ఓమ్-సెంటీమీటరుకు సుమారు 2000, గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 200. అప్పటి గది ఉష్ణోగ్రత ప్రయోగ విలువ 240. ఈ పెద్ద విలువకు మూలం, ఫెర్మీ మట్టానికి దగ్గరగా రెండు ఉన్నత సౌష్ఠవ బిందువుల వద్ద, డి పట్టీల సమశక్తి స్థితులను స్పిన్-కక్ష్యా యుగ్మనం విడదీయడం. బెర్రీ చెప్పిన సమశక్తి బిందువు చుట్టూ పెరిగే వక్రత ఇక్కడ లోహంలో కనిపిస్తున్నది. పైగా ఆ బిందువుల వద్ద పట్టీల నమూనాలో మాలిన్యాల సవరణ శూన్యమని అదే వ్యాసం చూపింది. రష్బా నమూనాకు పట్టిన గతి ప్లాటినంకు పట్టకపోవడానికి కారణం అది.

డి పట్టీ ఎంతవరకు నిండి ఉందన్నదానిని బట్టి గుర్తు మారాలని అదే ఏడాది తనకా బృందం గణించింది. సగం కంటే తక్కువ నిండిన టాంటలం, టంగ్‌స్టన్‌లకు రుణ విలువ, ఎక్కువ నిండిన ప్లాటినంకు ధన విలువ రావాలి. 2012లో లియు బృందం బీటా టాంటలంలో ప్లాటినంకు వ్యతిరేక గుర్తు గల, 0.12 నుండి 0.15 వరకు పరిమాణం గల స్పిన్ హాల్ కోణాన్ని కొలిచి, ఆ స్పిన్ ప్రవాహంతోనే పక్కనున్న అయస్కాంత పొర దిశను తిప్పి చూపింది. అయస్కాంత జ్ఞాపక పరికరాల రూపకల్పనలో భార లోహాలకు చోటు దొరికింది ఆ ప్రయోగం తరువాతనే.

అయితే ఇటువంటి ప్రయోగాలలో కొలిచేది స్పిన్ ప్రవాహాన్ని కాదు. లోహం నుండి అయస్కాంత పొరలోకి దాటిన స్పిన్ కలిగించే టార్క్‌నో, వెనుకకు మళ్ళిన వోల్టేజినో కొలుస్తారు. రెండు పొరల మధ్యనున్న సరిహద్దు ఎంత స్పిన్‌ను దాటనిస్తుంది, ప్లాటినంలో స్పిన్ ఎంత దూరం నశించకుండా ప్రయాణిస్తుంది అన్న రెండు సంఖ్యలు ప్రతి విశ్లేషణలోనూ దాగి ఉంటాయి. ఒకే ప్లాటినంకు వేర్వేరు ప్రయోగశాలలు అనేక రెట్లు తేడా గల స్పిన్ హాల్ కోణాలను ప్రకటించడం అందువల్లనే జరిగింది. నిర్వచనం గురించిన చర్చ ప్రయోగ పట్టికలలోకి ప్రవేశించేది ఈ చోటనే.

టైటానియం ఈ చర్చను మరో వైపుకు తిప్పింది. అది తేలికైన లోహం, దాని స్పిన్-కక్ష్యా యుగ్మనం బలహీనం. అయినా దాని ఉపరితలం వద్ద విద్యుత్ ప్రవాహం వల్ల కోణీయ ద్రవ్యవేగం పోగుపడుతున్నదని 2023లో చోయ్ బృందం కాంతి కొలతలతో చూపింది. అది స్పిన్ కాదు, ఎలక్ట్రాన్ కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం. స్పిన్-కక్ష్యా యుగ్మనం లేకపోయినా విద్యుత్ క్షేత్రంలో ముందుగా ఏర్పడేది కక్ష్యా ప్రవాహమేనని, భార లోహాలలోని స్పిన్ ప్రవాహం దాని నుండి యుగ్మనం ద్వారా పుట్టిన రెండవ తరం ప్రవాహమని అంతకు ముందే తనకా, కొంతాని ప్రభృతుల గణనలు సూచించాయి. డి స్థితుల కక్ష్యా స్వభావం ద్రవ్యవేగంతో పాటు మారే తీరులోనే మొదటి జ్యామితి ఉన్నదన్నమాట. కక్ష్యా ప్రవాహానికీ నిత్యత్వ నియమం లేదు. స్పిన్ విషయంలో రష్బా వేసిన ప్రశ్నను ఇప్పుడు దానికి కూడా వేయవలసి ఉంది.